హీరోగారి స్వెటర్ ఉతికేసిన రోజు

మా చిన్నప్పుడు... చలి తగ్గుముఖం పట్టగానే అమ్మ నడుం బిగించేది. స్వెటర్లు, మఫ్లర్లు, మంకీ టోపీలు అన్నీ కుంకుడు రసంలో ఉతికి, ఎండలో ఆరేసి, ట్రంకు పెట్టెలో సర్దేది. అదే పెట్టెలోంచి వేసవి నూలు బట్టలు బయటికొచ్చేవి. ఇల్లంతా కలరా ఉండల వాసన... అబ్బ, నాకెంత ఇష్టమో!

అప్పుడు మేం యూసుఫ్‌గూడలో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. నాన్న సినిమాల్లో కాస్ట్యూమ్ అసిస్టెంటు. నటుల బట్టలు చూసుకోవడం ఆయన పని. రోజూ సైకిలు మీద ఫిల్మ్‌నగర్ వెళ్లొచ్చేవారు.

ఆ ఏడాది ఒకరోజు హీరోగారి తెల్ల స్వెటర్ ఇంటికి తెచ్చారు. చంక దగ్గర కుట్టు విడిపోయింది, కుట్టిపెట్టమని అమ్మకిచ్చి మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయారు. అమ్మ చూస్తే ఏముంది... దాన్నిండా మట్టి, మరకలు. "ఛీ ఛీ, ఇలా తిరిగిస్తే మీ నాన్న పరువేం కాను!" అంది. ఎలాగూ ఉన్ని బట్టలన్నీ నానబెట్టిందాయె... దాన్నీ కలిపి శుభ్రంగా ఉతికేసింది.

సాయంత్రం నాన్న వచ్చి, తీగ మీద తెల్లగా మెరిసిపోతున్న స్వెటర్ని చూశారు. గడప మీద కూలబడిపోయారు.

"ఎంత పని చేశావే..."

"మురికిగా ఉందని ఉతికానండీ. తప్పా?"

పాపం, అమ్మకేం తెలుసు! ఫైటు సగమే తీశారట. మిగతా సగం మర్నాడు. జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య మట్టిలో దొర్లిన హీరో, మరుక్షణం మల్లెపువ్వులా లేచి నిలబడితే హాల్లో జనం ఊరుకుంటారా? షూటింగ్ ఆగితే నాన్న ఉద్యోగం ఊడినట్టే. సంగతి తెలిశాక అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు విని ఇంటి ఓనరు లక్ష్మమ్మ పెద్దమ్మ వచ్చింది. విషయం విని బుగ్గలు నొక్కుకుంది.

"ఉతికినందుకు కొలువు పోతదా? గిదేం లోకం చెల్లె! మన్నుకు కరువా గీడ? ఏడ్వకు, మళ్ల పూస్తె అయిపాయె!"

నాన్న తలెత్తారు. "మట్టి సరే అక్కా... ఏ మరక ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? గుర్తు కోసం షూటింగ్‌లో తీసిన ఫొటోలన్నీ ఆఫీసులో ఉన్నాయి, ఈపాటికి తాళం వేసేసుంటారు."

"నాకు గుర్తుంది," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "పొద్దుటినుంచీ ఆ మరకలతోనేగా నా కుస్తీ!"

ఇంక చూడాలి మా హడావిడి... నేను సందు చివర నుంచి ఎర్రమట్టి మోసుకొచ్చాను. నాన్న సైకిల్ గొలుసు నుంచి గ్రీజు తీశారు. అమ్మ చెబుతోంది, నాన్న పూస్తున్నారు. "ఎడమ మోచేతి దగ్గర నలుపు... ఇంకాస్త కిందికండీ... వీపు మీద వెడల్పుగా..." చివరికి కుడి భుజం మిగిలింది. విలన్ పట్టుకున్న చోట బురద చేతి అచ్చు ఉండాలి. నాన్న తన అరచెయ్యి బురదలో ముంచి అక్కడ గట్టిగా అద్దారు.

మర్నాడు ఎవరూ కనిపెట్టలేదు. నాన్న ఉద్యోగం నిలిచింది. ఆ సినిమా విడుదలయ్యాక మేమూ వెళ్లాం. హాలంతా ఈలలే ఈలలు... అమ్మ మాత్రం హీరో మొహం వంక చూస్తే ఒట్టు!

ఇప్పుడు మా ఇంట్లో స్వెటర్లు ఏడాది పొడుగునా బీరువాలోనే వేలాడుతుంటాయి. చలి బట్టలు, ఎండ బట్టలు అన్న తేడాయే పోయింది. మీ ఇళ్లలో ఎవరైనా ఇంకా పెట్టె దించి సర్దుతున్నారా? ఉంటే చెప్పండి, వినాలనుంది...

నాన్న పోయి కొన్నేళ్లయింది. మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. ఫైటు మొదలవగానే అమ్మ లేచి వెళ్లి టీవీ ముందు నిలబడింది. హీరో అటు తిరగ్గానే, అతని భుజం మీద వేలు పెట్టి, "ఇదిగోనే... మీ నాన్న చెయ్యి," అంది.