డోర్నకల్ మీదుగా ఢిల్లీ

ఇది రాసి పెట్టక తప్పదని పోయిన నెల మా జనగామ గ్రంథాలయం హాల్లో కూర్చున్నప్పుడే అనుకున్నాను. ఆ రోజు అక్కడ ఒక పెద్దమనిషికి సన్మానం. శాలువా కప్పారు, దండ వేశారు, వెండి రంగు పూసిన బుల్లి సైకిలు బొమ్మ చేతిలో పెట్టారు. వెనక ఫ్లెక్సీ మీద ఆయన ఢిల్లీలో ఏదో కోట ముందు సైకిలు పట్టుకుని నిలబడిన ఫోటో, కింద 'రాష్ట్రం కోసం ఢిల్లీ దాకా సైకిలు తొక్కిన వీరుడు' అన్న అక్షరాలు. బడి పిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టి ఆ యాత్ర మీద వ్యాసరచన పోటీ పెట్టారు. పిల్లలు నమ్మి రాస్తారు. రాసింది ఎవరో అచ్చు వేస్తారు. అచ్చయింది ఈ బీరువాల్లోకే వస్తుంది. బీరువాలో ఉన్నదాన్ని నాలాంటివాడు కళ్ళు మూసుకుని నమ్ముతాడు. అబద్ధం అక్కడికి చేరకముందే నిజానికి కూడా ఒక ప్రతి ఉండాలి కదా.

నేను బట్టలు కుట్టేవాణ్ణి. బడి ఏడో తరగతితో ఆగింది, చదువు ఆగలేదు. మధ్యాహ్నం ఎండకు గిరాకీ పల్చబడగానే దుకాణానికి తెర దించి గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ నేను తెరవని పుస్తకం ఉందంటే దాన్ని చెదలు తిని ఉండాలి. అన్నిటికంటే ఇష్టం పెద్ద అట్లాసు. అది ఒళ్ళో పట్టదు, బల్ల మీద పరిచి చూడాలి. నర్మద ఎక్కడ పుడుతుందో, చంబల్ ఏ నదిలో కలుస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. మనిషిగా మాత్రం వరంగల్ దాటి పోయింది తక్కువ. మా అక్క దీన్ని 'మిషన్ మీద కూసొని కాశీకి పోవుడు' అనేది. ఆమె ఎగతాళికి నేను బాధపడలేదు. కాశీకి పోయి వచ్చినవాళ్ళలో ఎంతమందికి గంగ ఏ కొండల నుంచి దిగుతుందో తెలుసు?

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి అన్ని రకాల పనివాళ్ళూ సమ్మెకు దిగిన కాలం అది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు బావులూ ఆగిపోయాయి. మా అక్క భర్త, మా బావ, ఆ బావుల్లోనే పని చేసేవాడు. అక్క ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. బస్సుల్లేవని బావ తెల్లవారకముందే భూపాలపల్లిలో సైకిలెక్కి పొద్దుగూకే వేళకు జనగామలో దిగాడు. ముఖం మీద దుమ్ము తుడుచుకోకుండానే అడిగాడు.

"బామ్మర్దీ, కాళ్ళు ఇంక తొక్కుమంటున్నయి. ఢిల్లీకి తొవ్వ జెప్పు."

"ఢిల్లీకా? ఎందుకు బావా?"

"ఎందుకేంది? రాష్ట్రం అడగనీకి. ఈడ రోడ్ల మీద కూసొని ఒర్లితె ఆడ ఇనవడుతదా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. "నేల కింద నేను నడిసిన దూరం లెక్కేస్తె హిమాలయాలు ఎక్కుదును. నేల మీద గోదారి అవతలి ఒడ్డు ఎరుగ. మోకాళ్ళు ఇప్పటికే కిర్రుమంటున్నయి. సమ్మె అయిపోయి మళ్ళ డూటీ ఎక్కిన్ననుకో, రిటైరై బయటికొచ్చేటాళ్ళకు నడుసుడే కష్టమైతది. పోతె గీ సమ్మెలనే పోవాలె."

అక్క లోపలినుంచే వింటోంది. "పోతె పోనియ్యి గని తమ్మీ, ముందుగాల ఆయినకు రెండు మంచి చెడ్డీలు కుట్టియ్యి. చిరిగిన చెడ్డీతోని ఢిల్లీల ఇజ్జత్ దీస్తడు" అంది.

నేనూ వెంట వస్తానని చెప్పి చెడ్డీలు కుట్టాను. గ్రంథాలయం సారు బయటికి ఇవ్వకూడని అట్లాసును నా మాట మీద ఇంటికి ఇచ్చారు. మా ఇంట్లో నేల మీద పరిచి, పటం కొలత చూసుకుంటూ ఎర్రదారంతో తొవ్వ వేశాను. జనగామ నుంచి వరంగల్, పరకాల మీదుగా భూపాలపల్లి. అక్కడినుంచి కాళేశ్వరం. అప్పటికి అక్కడ గోదావరి మీద వంతెన లేదు. సైకిళ్ళు పడవలో వేసుకుని సిరోంచ వైపు దిగాలి. ఆ పైన చంద్రపూర్, నాగపూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. దారం ఎక్కడా వంకర పోలేదు. బావ ఒక్కొక్క ఊరి పేరూ నా చేత రెండు సార్లు పలికించుకుని, ఝాన్సీ దగ్గర వేలు పెట్టి "గీడ జర ఆగుదం, ఏందో సూద్దం" అన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ సాయంత్రం కోసమే చదివినట్టు అనిపించింది.

వేరే రాష్ట్రాల్లో పోలీసులు ఆపితే చూపించడానికి ఒక ఉత్తరం ఉంటే మంచిదని బావతో పాటు బావిలో పనిచేసేవాళ్ళు ఫోన్లో చెప్పారు. అట్లా మొన్న సన్మానం అందుకున్న ఆ పెద్దమనిషి దగ్గరికే పోయాం. ఉద్యమ కమిటీకి ఆయనే కన్వీనర్. ఆయన ఫంక్షన్ హాల్లోనే మీటింగులు. నేను అట్లాసు విప్పేటప్పటికి వాళ్ళ భోజనాలు నడుస్తున్నాయి. ఉత్తరం రాయమంటే, "ఇద్దరే పోవుడేంది? యాత్ర తీద్దాం, నేనే ముంగట తొక్కుత" అన్నాడు. కడగని చేత్తోనే పటం మీద వేలు పెట్టాడు. మధ్యప్రదేశ్ మొత్తం మీద మాంసం కూర నూనె పాకింది. నోట్లో గుట్కా ఉండడంతో ఆయన ప్రతి మాటకూ తల పైకెత్తేవాడు, మాట అయిపోగానే కిటికీలోంచి ఉమ్మేవాడు. కిటికీ కింద మా సైకిళ్ళు ఉన్నాయి.

ఆ రోజుల్లో వంటావార్పు అని ఒకటి ఉండేది. ఊరి జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతుల్లో కూర్చుని తినేవారు. రోడ్డు బందయ్యేది, ఎవరి మీదా రాయి పడేది కాదు. అంత శుభ్రమైన నిరసన నేను పుస్తకాల్లో కూడా చదవలేదు. దాన్ని కూడా వీళ్ళు కంపు చేశారు. యాత్ర అనగానే ప్రతి చిన్న నాయకుడూ మా ఊళ్ళో వంటావార్పు పెడతాం, మా ఊరి మీదుగా రావాలన్నాడు. కాదంటే ఆ ఊరిని అవమానించినట్టు. ఒకాయన తొర్రూరు అన్నాడు. ఒకాయన మహబూబాబాద్, మా వాడుకలో మానుకోట, అన్నాడు. కన్వీనర్ వియ్యంకుడు డోర్నకల్లో ఉంటాడు, అది తప్పదన్నారు.

"డోర్నకల్ దక్షిణం సార్. ఢిల్లీ ఉత్తరం" అన్నాను.

"అబ్బో, పటం సదివినోడు! దర్జీ, నువ్వు గుండీలు కుట్టు. తొవ్వ మేం జూస్తం" అన్నాడాయన. బంతిలో ఉన్నవాళ్ళంతా నోట్లో అన్నంతోనే నవ్వారు. బావ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "ఎట్లైనా భూపాలపల్లి మీదికెళ్ళే పోవాలె గదా, ఆడికెల్లి మన తొవ్వ మనదే" అన్నాడు. అందుకే ఒప్పుకున్నాడు.

జనగామ చౌరస్తాలో జెండా ఊపారు. కన్వీనర్ కెమెరాలు కనపడినంత దూరం తొక్కి, ఊరి చివర జీపెక్కాడు. ఆయన సైకిలు జీపు మీదికి పోయింది. మేం తొక్కాం, వాళ్ళు ముందే పోయి విస్తరాకుల ముందు కూర్చున్నారు. ప్రతి ఊళ్ళో డప్పులు, ఉపన్యాసం, బంతి, కునుకు. ఎండకు వాడి కుళ్ళిన బంతిపూల దండలు జీపు వెనక కుప్పగా పడి ఉండేవి, వాటి మీద ఈగలు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. మానుకోట పక్క తండాలో ఒక అవ్వ జొన్న రొట్టె, మిరపకాయ కారం తెచ్చి తన చేత్తో అందరి చేతుల్లో పెట్టింది. ఆమె భాషలో ఏదో అంటే కోడలు మాకు తెలుగులో చెప్పింది: "పోయి మీరు ఏం తెస్తరో తెల్వదు గని, ఆకలితోని పోవద్దంటున్నది." కన్వీనర్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఫోటోగ్రాఫరు అటు తిరగగానే ఆ ముక్కను అరచేతిలోకి ఉమ్మి జీపు చక్రం పక్కన పడేశాడు. అవ్వ చూసింది. బావ తన చేతిలో రొట్టె మొత్తం తిని ఇంకోటి అడిగాడు.

డోర్నకల్లో వియ్యంకుడి మర్యాదలు ఎంతకూ తెగలేదు. అక్కడ స్టేషన్లో రైళ్ళు ఉత్తరం వైపు కూత పెట్టుకుంటూ పోతుంటే బావ ప్లాట్‌ఫారం కంచె పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. చివరికి మళ్ళీ పైకి తొక్కి భూపాలపల్లి చేరేసరికి ఢిల్లీకని పెట్టుకున్న రోజుల్లో చాలా భాగం అన్నం తినడానికే అయిపోయింది. బావ తన క్వార్టర్ ముందు కూడా ఆగలేదు, "సీదా కాళేశ్వరం" అన్నాడు. అప్పుడు కన్వీనర్ మనుషులు టేకుమట్లలో ఆయన తోడల్లుడు పొయ్యిలు వెలిగించాడని, అక్కడ తిని పోదామని చెప్పారు. టేకుమట్ల వెనక్కి, పడమటికి.

టేకుమట్లలో బంతిలో ఉండగా ఎవరో టీవీలో చూసి వచ్చి చెప్పారు. బావుల్లో సమ్మె విరమించారు, పొద్దున మొదటి షిఫ్టు నుంచి డ్యూటీ.

బావ ఆకు ముందు నుంచి లేచాడు. "గోదారి దాకన్న పోయొద్దం బావా, ఒక్క దినమే గదా" అన్నాను.

"పొద్దున మస్టర్ల హాజరు పడకుంటె నౌకరికే మోసమొస్తది రా. మీ అక్కా పిల్లలూ నీ మీద పడ్తరు" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"గంత తొందరేంది? పెరుగు పోసుకున్నంక పోరాదు" అన్నాడు కన్వీనర్, వేళ్ళు నాక్కుంటూ.

బావ ఒక్కడే సైకిలెక్కి భూపాలపల్లి దారి పట్టాడు. కొన్నాళ్ళకు కన్వీనరూ ఆయన మనుషులూ ఖాజీపేటలో రైలెక్కారు, సైకిళ్ళను పార్సిల్లో వేశారు. ఆ కోట ముందు ఫోటో అట్లా వచ్చింది.

సన్మానం అయిన మర్నాడే భూపాలపల్లి పోయాను. బావ రిటైరయ్యాడు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. సంగతంతా విని, "ఆయిన తొక్కలేదని రాస్తవా?" అన్నాడు.

"రాస్త."

"నేను తొక్కిన్నని రాయకు మల్ల."

"డోర్నకల్ దాకా తొక్కినవు గద బావా."

"గది రాయి. ఢిల్లీకి పోయెటోనికి డోర్నకల్ల ఏం పనని ఎవడన్న అడిగితె నువ్వే జవాబు జెప్పుకో" అన్నాడు. అక్క చాయ్ గిన్నె దింపుతూ ముఖం అటు తిప్పుకుంది.

సాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పుకోవాలి. నూనె మరకతో తిరిగొచ్చిన అట్లాసును చూసి కూడా నన్ను ఒక్క మాట అనని గ్రంథాలయం సారు నరహరి గారికి, రొట్టె పెట్టిన మంగ్లి అవ్వకు, ఆమె మాట మాకు తెలియజెప్పిన కోడలు సాలికి, నేను మరిచినవి గుర్తుచేసిన మా అక్క రాజవ్వకు, దాచుకోకుండా చెప్పిన మా బావ సారయ్యకు దండాలు. కన్వీనర్ పేరు రాయడానికి నా చెయ్యి రాలేదు. రాష్ట్రం వచ్చింది, సంతోషమే. కానీ పనిచేసుకుని బతికే మనిషికి తన ఇష్టానికి వాడుకునే కాలం బతుకంతటికీ ఒక్కసారే దొరుకుతుందేమో, మా బావకు దొరికినదాన్ని వాళ్ళు బంతుల్లో కూర్చుని తినేశారు.