సగం మ్యాట్‌తో కొల్లేరు దాకా

తాడేపల్లిగూడెం గ్రంథాలయంలో క్రికెట్ మీద ఉన్న పుస్తకాలన్నీ చదివానని కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. పదో తరగతితో చదువు ఆపి నాన్న కిరాణా కొట్లో కూర్చున్నవాణ్ణి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ బల్లల దగ్గర నేర్చుకున్నవే. ఇంగ్లండులో మైదానం గడ్డి ఎంత ఎత్తున కత్తిరిస్తారో ఆ పుస్తకాల్లో ఉంది. చేపల చెరువు అడుగున ఆడే ఆట గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ చెరువు ఇప్పుడు లేదు. అక్కడ ఆడినవాళ్ళు తలో దిక్కుకి వెళ్ళిపోయారు. ఇంకొన్నాళ్ళు పోతే ఇలా ఆడేవారంటే నమ్మేవాళ్ళు కూడా ఉండరు. అందుకని 2006లో వానలు మొదలైన రోజుల్లో నేనూ, ఖాజా గారూ కలిసి చేసిన ఒక్కరోజు ప్రయాణం గురించి రాసిపెడుతున్నాను. కొల్లేరు చూడాలనుకునేవాళ్ళకి దారి కూడా తెలుస్తుంది.

ముందు మ్యాట్ సంగతి చెప్పాలి. ఖాజా గారు ఏలూరులో తివాచీలు నేసే మేస్త్రి, అక్కడి మా సండే క్లబ్బుకి కెప్టెన్. నేను ఆడను, ఆ క్లబ్బుకి అంపైర్‌ని. చాలా ఏళ్ళ క్రితం మా వాళ్ళకీ, కొల్లేటి మధ్య చినలంక అనే ఊరి జట్టుకీ స్నేహం కుదిరింది. లంక కుర్రాళ్ళు ఏటా మాఘంలో చేపలు పట్టేశాక, నీళ్ళు తోడేసిన చెరువులో ఆడేవారు. ఎండిన ఒండ్రు నేల రాయిలా గట్టిపడుతుంది కానీ పగుళ్ళిస్తుంది. పగులులో పడిన బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అది చూసి ఖాజా గారు కొబ్బరిపీచు తాళ్ళతో పిచ్ మీద పరిచే మ్యాట్ నేశారు. ఆయన మగ్గం మీద పదకొండు గజాలే దిగుతుంది. పిచ్ పొడవు ఇరవై రెండు. అందుకని రెండు ముక్కలుగా నేసి, అలవాటైన చేయి ఊరుకోక, కలిసేచోట ఎర్ర ఊలుతో ఒక పువ్వు వేశారు. సగం పువ్వు ఒక ముక్కలో, సగం రెండో ముక్కలో.

ఒక ముక్క మా దగ్గర ఉండేది, ఒకటి లంకలో. ఏడాదికొకసారి ఒకళ్ళ ఊళ్ళో ఇంకొకళ్ళు ఆడాలి. టాస్ వేసే ముందు ఇద్దరు కెప్టెన్లూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని దబ్బనంతో రెండు ముక్కల్నీ కలిపి కుట్టాలి. వంతున్న జట్టు మనిషిని పంపి స్వయంగా పిలవాలి, ఫోన్లో పిలిస్తే పిలుపు కిందికి రాదు. అన్నం పిలిచినవాళ్ళు పెట్టాలి, బంతి వచ్చినవాళ్ళు తేవాలి. ఇవేవీ కాగితం మీద లేవు. అయినా ఎవరూ తప్పలేదు.

ఆ ఏడాది మాకు లంక నుంచి పిలుపు రాలేదు. మాఘం వెళ్ళింది, ఎండలు ముదిరాయి. కామవరపుకోట వాళ్ళు ట్రాక్టరు మీద వచ్చి మమ్మల్ని ఓడించి వెళ్ళారు. మేం గూడెం వచ్చి ఒక ఆట గెలిచాం. లంక నుంచి మాత్రం ఎవరూ రాలేదు. వేసవి చివర్లో సరస్సుని కాపాడ్డానికని ప్రభుత్వం కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేస్తోందని పేపర్లో చదివాం. అంతలో మగ్గాల షెడ్డు మూసేస్తున్నామని యజమాని చెప్పాడు. ఖాజా గారికి ఉత్తరాదిన ఎక్కడో తివాచీల పని దొరికింది. వచ్చే వారమే ప్రయాణం.

"వంతు లేదు, గింతు లేదు. మనమే వెళ్దామండి," అన్నారు ఆయన. "గురువారం మ్యాట్ దిగబెట్టి ఆదివారం ఆడదామని చెప్పొద్దాం. మెరక వైపు గ్రౌండు, మునగదు. ఆ మ్యాట్ మీద ఒక్క ఓవరు వేసి వెళ్తాను."

గురువారం తెల్లవారి ఆరున్నర ప్యాసింజరుకి గూడెంలో ఎక్కాను. కిటికీ పక్క చోటు దొరికింది. ఎదురుగా పెంటపాడు నుంచి వచ్చిన వెంకాయమ్మ గారనే పెద్దావిడ. ఏలూరులో కూతురింటికి గోంగూర పచ్చడి జాడీ పట్టుకెళ్తున్నారు. నా సంచిలో కొత్త ఎర్ర బంతి చూసి ఆటగాడిననుకున్నారు.

"కాదండీ, అంపైర్‌ని," అన్నాను.

"అంటే?"

అవుటో కాదో చెప్పేవాణ్ణని వివరించాను.

"అంటే బ్యాటూ ముట్టరు, బంతీ ముట్టరు. పొద్దస్తమానం ఎండలో నిలబడతారు."

"అవునండీ."

"ఎవరేనా బలవంతం పెట్టారా నాయనా?"

పెట్టె అంతా నవ్వింది. బాదంపూడి, ఉంగుటూరు, పూళ్ళ దాటాయి. భీమడోలులో పాలక్యాన్ల వాళ్ళు ఎక్కారు. రెండు వైపులా వరి ఆకుమళ్ళు పచ్చగా ఉన్నాయి. మూడు రోజులుగా వానలు పడుతున్నాయని పాలవాళ్ళు సంతోషంగా చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఆ మాట అంత సంతోషంగా వినపడలేదు.

ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. ఖాజా గారు అప్పటికే రిక్షాలో మ్యాట్ చుట్ట వేసుకుని వచ్చి ఉన్నారు. తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి వేసుకున్నారు. ఆ రోజు ఆట లేదు కదా అని నేను అనలేదు. స్టేషన్ ఎదురుగా బండి దగ్గర ఇడ్లీ తిని పాత బస్టాండుకి వెళ్ళాం. మీరు వెళ్ళేటట్టయితే ఇక్కడే తినండి, తర్వాత దారిలో ఏమీ దొరకదు.

కైకలూరు వైపు వెళ్ళే బస్సు కండక్టరు మా చుట్టని చూసి దిగొచ్చాడు.

"ఏంటండీ ఇది? మనిషి కన్నా పొడుగుంది. టిక్కెట్టు కొట్టాలి."

"కొట్టండి. సీటు కూడా చూపించండి, కిటికీ పక్కదైతే మంచిది," అన్నారు ఖాజా గారు.

కండక్టరు నవ్వేసి, పైకెక్కించడానికి తనూ ఒక చెయ్యి వేశాడు.

బస్సులో నేను చదివిన సంగతులు ఖాజా గారికి చెప్పాను. కృష్ణకీ గోదావరికీ మధ్య మిగిలిన పల్లపు భూమే కొల్లేరనీ, తమ్మిలేరు, బుడమేరు అందులో కలుస్తాయనీ, ఎక్కువైన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుందనీ. ఏలూరు తివాచీల పని పర్షియా నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిందని కూడా చెప్పాను.

"మా తాత కూడా అదే చెప్పేవాడండి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళం, ఇంకొంచెం దూరం పోతే తప్పేముందంటుంది మా ఆవిడ," అని ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

ఊరు దాటాక వరి పోయింది, నీళ్ళు మొదలయ్యాయి. కిందటిసారి గట్టు తర్వాత గట్టు, చదరాలు చదరాలుగా చెరువులు ఉండేవి. ఇప్పుడు గట్లు అక్కడక్కడా తెగి, నల్లటి మట్టికుప్పలు నీళ్ళలోంచి పైకి కనిపిస్తున్నాయి. దూరంగా గూడబాతులు బారుగా దిగుతున్నాయి. సరస్సుకి ఇదే మంచిదని చదివాను. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ కుప్పల్లో ఏది మా బౌండరీ లైనో నేను వెతుక్కుంటున్నాను.

రోడ్డు మీద దిగి దోనె కోసం అరగంట నిలబడ్డాం. పోశయ్య అనే ఆయన తాటి దోనెలో మమ్మల్నీ, మ్యాట్‌నీ ఎక్కించుకున్నాడు. గ్రౌండు ఎలా ఉందని అడిగితే దోనె తోసే గెడ ఒకచోట నీళ్ళలో దింపి చూపించాడు. గెడ ఛాతీ లోతు దిగింది.

"ఇదేనండి మీ గ్రౌండు. ఇక్కడే కదండీ కిందటి కిందటేడు మీరు నన్ను ఎల్బీ ఇచ్చారు."

పోశయ్య లంక జట్టులో ఆడేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"కాలికి తగల్లేదండి అది," అన్నాడు.

"తగిలింది పోశయ్యా."

"సర్లెండి, ఇప్పుడెవరు చూడొచ్చారు," అని గెడ లాగాడు. ఖాజా గారు ఒక చెయ్యి మ్యాట్ మీద వేసుకుని కూర్చున్నారు.

ఊళ్ళోకి పోయే మట్టిదారి మొదట్లోనే లంక కెప్టెన్ ఏడుకొండలు ఎదురయ్యాడు. మోకాళ్ళ దాకా బురద. మమ్మల్ని చూసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అయ్యబాబోయ్, ఖాజా గారూ! కబురు చేస్తే రోడ్డు దాకా వచ్చేవాణ్ణి కదండీ!"

"కబురు మీరు చేస్తారని చూశామయ్యా," అన్నారు ఖాజా గారు. "వేసవంతా చూశాం."

ఏడుకొండలు ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"మేమా అండీ? మేం మీ పిలుపు కోసం చూశామండి."

"కిందటేడు మా ఊళ్ళో ఆడాం కదా. ఈసారి వంతు మీది."

"ఆడలేదు కదండీ. ఏడో ఓవర్లో వానొచ్చింది. దోనెలు దొరకవని అన్నం కూడా తినకుండా పరిగెత్తుకొచ్చేశాం. మీ ఇంట్లో పలావు దించింది దించినట్టే ఉండిపోయింది. అన్నం తినకుండా ఆట అయిపోయినట్టెలాగండీ? మీ పిలుపు ఇంకా తీరలేదనుకున్నాం. మేం ముందు పిలిస్తే మిమ్మల్ని దెప్పినట్టుండదా అండీ?"

"మేం పిలిస్తే మీకు పెట్టే శక్తి లేదన్నట్టుంటుందని ఊరుకున్నామయ్యా."

ఇద్దరూ నీళ్ళకేసి చూశారు. మాఘం నుంచి చైత్రం దాకా ఆ నేల ఎండి, గట్టిపడి, ఖాళీగా పడి ఉంది. ఒకళ్ళని ఒకళ్ళు నొప్పించకూడదని రెండు ఊళ్ళూ కాచుకుని కూర్చున్నాయి.

"అంపైరు గారూ, మీరు చెప్పండి," అన్నాడు ఏడుకొండలు. "వంతు ఎవరిదండీ?"

నేను చదివిన నిబంధనల్లో వాన వస్తే ఏం చెయ్యాలో ఉంది. వెలుతురు తగ్గితే ఏం చెయ్యాలో ఉంది. ఇలాంటిదానికి ఏమీ లేదు. మార్చిలో ఎవరైనా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎవరిది అని చెప్పినా సరిపోయేది.

"ఇద్దరిదీనండి," అన్నాను. అప్పటికి ఆ తీర్పుతో పనేముంది!

"మీ ముక్క ఏది?" అని అడిగారు ఖాజా గారు.

ఏడుకొండలు తల దించుకుని దారిలో కొంచెం ముందుకి నడిచాడు. మొన్నటి వానకి దారికి గండి పడిందట. ఊరికి ఉన్నది ఆ ఒక్క దారి. ఇసక బస్తాలు నిలవకపోతే జట్టులో మిగిలిన నలుగురూ పరిగెత్తి మ్యాట్ తెచ్చి నీటికి అడ్డంగా దింపి, దాని మీద బస్తాలు పేర్చారు. నీరు ఆగింది. తక్కినవాళ్ళు అప్పటికే పనులకోసం భీమవరం రొయ్యల షెడ్లకీ, హైదరాబాదుకీ వెళ్ళిపోయారు.

"మిమ్మల్ని అడక్కుండా వాడేశామండి. కోపం వద్దండి."

బస్తాల కిందనుంచి మ్యాట్ చివర ఒక మూరెడు బయటికి ఉంది. బురదలో ఎర్ర ఊలు కొంచెం కనపడుతోంది. ఖాజా గారు వంగి వేలితో బురద తుడిచారు. సగం పువ్వు.

దానికి అవతల దారి జారుడుగా ఉంది. ఒకావిడ బిందె నడుం మీద పెట్టుకుని, అడుగడుగూ కాలివేళ్ళతో పట్టుకుంటూ వస్తోంది. ఖాజా గారు ఆవిడ దాటేదాకా చూశారు. తర్వాత మా చుట్ట తాడు విప్పడం మొదలుపెట్టారు.

"వద్దండి ఖాజా గారూ," అన్నాడు ఏడుకొండలు. "మీదైనా ఉండనివ్వండి."

"సగం మ్యాట్ మీద ఎవడు బౌలింగ్ చేస్తాడయ్యా? అటు పట్టు."

మా ముక్కని ఆ చివర నుంచి దారి పొడవునా పరిచాం. ఖాజా గారు జేబులోంచి దబ్బనం తీశారు. ఇస్త్రీ ప్యాంటుతో బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎదురుగా ఏడుకొండలు కూర్చున్నాడు. ఒకరు దబ్బనం దింపితే ఇంకొకరు తాడు లాగారు, ఎప్పుడూ చేసేటట్టే. కుట్టు చివరికి వచ్చాక అలవాటు కొద్దీ ఇద్దరూ లేచి నా కేసి చూశారు. టాస్‌కి నాణెం తియ్యాల్సింది నేను. నా చెయ్యి జేబులోకి వెళ్ళి ఊరికే వచ్చేసింది.

బిందె ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు మ్యాట్ మీద నడిచింది. ఈసారి కిందికి చూసుకోలేదు.

మధ్యాహ్నం ఏడుకొండలు తల్లి లక్ష్మమ్మ గారు కొరమీను పులుసుతో అన్నం పెట్టారు. ఖాజా గారు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

"అన్నం తిన్నాం, ఇంక ఆట అయిపోయినట్టే," అన్నాడు ఏడుకొండలు. ఖాజా గారి చేతులకి నీళ్ళు పొయ్యడానికి చెంబు అందుకున్నాడు.

మూడు గంటలకి మళ్ళీ దోనె, నాలుగుంపావుకి రోడ్డు మీద బస్సు. పైన ఎక్కించాల్సింది ఏమీ లేదు. ఏలూరు బస్టాండులో ఖాజా గారి దగ్గర సెలవు తీసుకున్నాను. మోకాళ్ళ దగ్గర బురద ఆరి తెల్లబడింది. "బంతి మీ దగ్గరే ఉంచండి అంపైరు గారూ," అన్నారు. తర్వాతి మంగళవారం ఆయన రైలెక్కారు.

సాయంత్రం ప్యాసింజర్లో గూడెం వస్తుంటే దెందులూరు దగ్గర స్టేషన్ పక్క ఖాళీ స్థలంలో ఎవరో ఆడుకుంటున్నారు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి ఎటు వెళ్ళిందో చూసేలోపు రైలు కదిలిపోయింది. అందమైన ప్రయాణమని చెప్పలేను. ఎండిన నేల మా కోసం మూడు నెలలు ఎదురుచూసిందన్న మాట మనసులోంచి పోలేదు, ఇప్పటికీ పోవడం లేదు.

దారి పొడవునా నవ్వించిన వెంకాయమ్మ గారికి, చెయ్యి వేసిన కండక్టరు గారికి, నేను అవుటిచ్చినా అవతలి ఒడ్డుకి చేర్చిన పోశయ్యకి, అన్నం పెట్టిన లక్ష్మమ్మ గారికి, ఏడుకొండలుకి, నాకు చదువు చెప్పిన గూడెం గ్రంథాలయానికి రుణపడి ఉన్నాను. ఖాజా గారూ, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే, అందరికన్నా ముందు మీకు. మీ బంతి మా కొట్లో గల్లాపెట్టె పక్కనే ఉంది, ఇంకా కొత్తదే. ఈసారి వంతు చూసుకోకండి. ఎవరు పిలిచినా బంతి తీసుకుని వచ్చేస్తాను.