రసమట్టం మేస్త్రి నడుము

గదిలో ఒక్కసారి కళ్ళు తిప్పితే చాలు, నేల ఏ మూలకి వాలిందో చెప్పేసేవాడు. అందుకే ఆ టైల్స్ మేస్త్రికి వాలు చూసే పనిముట్టు పేరే, రసమట్టం అని, స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్ళ పని మోకాళ్ళ మీదే గడిచింది.

ఒకరోజు మూడో అంతస్తుకి టైల్స్ పెట్టె మోస్తుంటే నడుములో కలుక్కుమంది. డిస్కు జారిందన్నారు. కాల్లోకి లాగే నొప్పి నాలుగు నెలల్లో తగ్గింది గానీ నడుము మాత్రం పట్టు విడవలేదు. బెల్టు కట్టాడు, వ్యాయామాలు చేశాడు, ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. రెండో ఏడు నడుస్తోంది. నొప్పి ఉన్నచోటే ఉంది.

కనిపించే దెబ్బయితే జనం జాలిపడతారు. ఇది కనిపించదాయె. ఆయనతో కలిసి పనిచేసే బావమరిది ఒకనాడు సిమెంటు కలుపుతూ నోరు జారాడు.

"ఏమీ అనుకోకు బావా. మనిషివి దుక్కలా ఉన్నావ్. మనసులోంచి తీసేస్తే అదే పోతుందేమో."

మేస్త్రి రబ్బరు సుత్తి కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి ఇంటికి వచ్చేశాడు. నెల రోజులు పనికి వెళ్ళలేదు. ఆ మాట నిజమేనేమోనన్న అనుమానం ఆయన్ని లోపల్లోపల తినేసింది.

బడిలో ఆయాగా పనిచేసే భార్య ఊరుకోలేదు. వెన్నెముక డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

"ఇదే ఆఖరు. ఈవిడ కూడా తేల్చకపోతే ఇక నేను నోరు మూసుకుంటాను."

"నువ్వా?" అన్నాడు మేస్త్రి. ఆ నెలలో ఆయన వేసిన ఏకైక జోకు అది.

డాక్టరు పెద్దావిడ, తొందర లేని మనిషి. స్కాన్ చూడకముందే అడిగింది: "తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందా? పక్కకి తిరగగలరా?"

"మంచం పట్టె పట్టుకుంటే గానీ తిరగలేరండీ. లేచాక గంటసేపు కొయ్యబారి ఉంటారు," అంది భార్య.

డాక్టరు స్కాన్ చూసి తెర వాళ్ళవైపు తిప్పింది. "డిస్కుకి పైనా కిందా ఎముకలో ఈ మరక చూశారా? అక్కడ వాపుంది. ఇది మీ ఊహ కాదు."

మేస్త్రి తెర మీది మరకని వేలితో తాకాడు. "ఇంకొక్కసారి చెప్పండమ్మా," అన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పి, కారణం కూడా వివరించింది. "డిస్కు చిరిగినప్పుడు, మన చర్మం మీదా చిగుళ్ళలోనూ ఉండే బ్యాక్టీరియా అందులో చేరి, జ్వరం కూడా రాకుండా నక్కి ఉంటుందని కొందరు పరిశోధకులు అంటున్నారు. ఒప్పుకోని డాక్టర్లూ చాలామందే ఉన్నారు. యాంటీబయాటిక్స్‌తో కొందరికి తగ్గింది, కొందరికి లేదు. మిగతావన్నీ అయిపోయాయి కాబట్టి, మీకిష్టమైతే వంద రోజులు వాడి చూద్దాం. మధ్యలో రక్తపరీక్షలు తప్పవు. హామీ మాత్రం ఇవ్వలేను."

"సిమెంటు ఆరేదాకా ఆగడం నాకు అలవాటేనమ్మా," అన్నాడు.

ఆగడం అనుకున్నంత తేలిక కాలేదు. మాత్రలతో కడుపు అల్లకల్లోలమైంది. యాభై రోజులకీ గుణం లేదు. మానేస్తానంటే భార్య ఒప్పుకోలేదు. "సగం పరిచి వదిలేసిన గది ఒక్కటైనా ఉందా మీకు?"

డెబ్బై ఎన్నో రోజున కళ్ళు తెరిచేసరికి గోడమీద ఎండ పడుతోంది. మధ్యలో మెలకువే రాలేదు. భయంభయంగా ఎడమకి తిరిగాడు. తర్వాత కుడికి. "ఇలా రా!" అని కేకేశాడు. భార్య నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది. ఆమె ముందు మళ్ళీ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"చాలు, మంచం విరుగుతుంది," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

వంద రోజులూ పూర్తయ్యాయి. నొప్పి పూర్తిగా పోలేదు, బరువెత్తితే గుర్తుచేస్తుంది. "మందు వల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేం," అంది డాక్టరు. దేనివల్లయితేనేం, నిద్ర పడుతోందని దండం పెట్టాడు.

ఆ వారమే బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ రోజు నోటికొచ్చింది వాగాను బావా," అన్నాడు తల దించుకుని. మేస్త్రి కుర్చీ చూపించాడు. కూర్చోగానే అతను మెల్లగా అడిగాడు: "మిగిలిన మాత్రలుంటే రెండివ్వు. నాకూ నడుము లాగుతోంది."

"పంచిపెట్టడానికి అవేమన్నా పిప్పరమెంట్లా? పోయి డాక్టరుకి చూపించుకో!" అని కసిరింది అక్క. ముగ్గురూ నవ్వేశారు.

సోమవారం ఇద్దరూ కలిసి పనికి వెళ్ళారు. పెట్టెలన్నీ బావమరిదే మోశాడు. సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే, "నడుమేనా?" అంది భార్య కంగారుగా.

"అబ్బే, ఒట్టి అలసటే," అన్నాడు హాయిగా.