మానవపాడు గనిలో ఎర్ర నీళ్లు, వనపర్తిలో మైక్రోస్కోపు

సముద్రాన్ని నేనింతవరకు చూడలేదు. గద్వాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే కృష్ణ ఒక్కటే. అయినా ఈ ప్రయాణం మొదలైంది సముద్రంతోనే. పోయిన చలికాలం ఒక సైన్సు సభ దగ్గర కొన్న చిన్న పుస్తకంలో ‘బ్లూ హోల్స్’ గురించి నాలుగు పేజీలున్నాయి. సముద్రం అడుగున సున్నపురాయి కుంగిపోయి ఏర్పడిన లోతైన గుంతలవి. పైనుంచి ముదురు నీలంగా కనిపిస్తాయి. కిందికి పోయేకొద్దీ నీళ్లు కదలవు, గాలి అందదు. ఒకచోట కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు పొరలా నిలిచిపోతుంది. మనకు విషమైన ఆ వాయువునే ఆధారం చేసుకుని, పైనుంచి జారివచ్చే కాస్తంత వెలుతురుతో బతికే సూక్ష్మజీవులు అక్కడుంటాయట. అవి గుంపుగా చేరినచోట నీళ్లు ఎర్రగానో ఊదాగానో మారతాయట. గాలి లేకుండా బతుకేమిటి? అబద్ధమైతే రాసినవాణ్ణి నిలదీయాలి, నిజమైతే కళ్లతో చూడాలి. నేను చదివేది ఇలాగే.

ఏప్రిల్‌లో పుస్తకాలు అమ్ముకుంటూ మానవపాడు వెళ్లినప్పుడు, నర్సన్న అనే ఆయన టీ హోటల్లో ఒక మాట చెవినపడింది. ఊరి బయట వదిలేసిన నాపరాళ్ల గనిలో, ఎండలకు నీళ్లు తగ్గి, ఒక మూల ఎర్రబడ్డాయట. గని పక్కనే చంద్రమ్మ ఇల్లు. భర్త లేడు, ఒక్క బర్రె ఉంది. హోటల్‌కు పోసే పాల మీదే ఆమె ఇల్లు గడిచేది. నర్సన్న ఇప్పుడు ఆ పాలు మానేశాడు.

“నెత్తురంటున్నరు తమ్మీ. చంద్రమ్మ ఆడ ఏందో చేస్తుందంట. నేనట్ల అంటలేను. కానీ గామె పాలతోని చాయ పెడితే మావోళ్లు ముడుతలేరు” అన్నాడు.

“నువ్వు అంటలేవు, కానీ పాలు బంద్ చేసినవ్.”

“నా దుకాణం నడువాలె కద.”

నాకు కోపమొచ్చింది. హోటల్లో ఉన్న అందరినీ కలిపి తిట్టాను. తర్వాత ఆ నాలుగు పేజీలు గుర్తొచ్చాయి. “అది నెత్తురు కాదు, జీవులు. నీకే చూపిస్త. అప్పుడు పాలు తీసుకుంటవా?” అంటే, “చూపియ్యి, తీసుకుంట” అన్నాడు. వనపర్తి కాలేజీలో పాఠం చెప్పే సుజాతక్క మా మిత్రుడి అక్క. ఫోన్ చేసి అడిగితే, మధ్యాహ్నం ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు వస్తే మైక్రోస్కోపు ఇస్తానంది.

అనుకున్న రోజు గద్వాల నుంచి పొద్దున ఆరింటి బస్సులో ఎర్రవల్లి చౌరస్తాకు, అక్కడినుంచి హైవే మీద కర్నూలు వైపు పోయే బస్సులో మానవపాడు దారికి చేరుకున్నాను. నర్సన్న తన హోటల్ బావి చేంతాడు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. గనిలోకి రాతిపొరలు మెట్లలా దిగుతాయి. మన నాపరాయి కూడా ఎప్పుడో ఒక సముద్రం అడుగున పేరుకున్నదేనని ఇంకో పుస్తకంలో చదివాను. ఆ అంచున నిలబడితే పుస్తకంలోని గుంతకు ఇది దూరపు చుట్టంలా అనిపించింది. వాసన కూడా అదే, కుళ్లిన గుడ్డు. నీళ్లసీసాకు రాయి కట్టి, మూతికి గుడ్డ కుక్కి, ఆ గుడ్డకు దారం కట్టి చేంతాడుతో దింపాం. లోతుకు పోయాక దారం లాగాం. సీసా పైకొచ్చేసరికి లేత గులాబీ రంగు నీళ్లు, చేంతాడు కొసకు జిగురుగా ఎర్రటి పూత. వెంటనే మూత బిగించాను.

చంద్రమ్మ ఒడ్డున నిలబడి చూస్తోంది. “నెత్తురే అని తేలితే ఏం జేస్తవయ్యా?” అంది.

“తేలదు.”

“గంత నమ్మకముంటే వనపర్తి దాంక ఎందుకు పోవుడు?”

 ఆలస్యమైతే బస్సు దొరకదని చెప్పి నడిచాను.

నేనూ నర్సన్నా హైవే మీద పెబ్బేరు పోయే బస్సు ఎక్కాం. బీచుపల్లి వంతెన మీద కృష్ణ సన్నబడి రాళ్లు తేలి ఉంది. చూడనిస్తేగా కండక్టర్. “ఏ తమ్మీ, గా సీసల ఏముంది? బస్సంత కంపు లేసింది” అన్నాడు. మూత బిగించి ఉందని, వాసన దీనిది కానేకాదని, కావాలంటే మూతి దగ్గర ముక్కు పెట్టి చూసుకోమని అన్నాను. ఆయన చూడలేదు, నేను ఆగలేదు. పెబ్బేరు బస్టాండులో దిగాక కూడా సీసాను బెంచీ మీద పెట్టి, ఫిర్యాదు చేస్తానంటూ కంట్రోలర్ కిటికీ దాకా ఆయన వెంట పోయాను. నర్సన్న బీడీలకు పోయాడు.

తిరిగొచ్చేసరికి సీసా తళతళ మెరుస్తోంది. లోపల తేటనీళ్లు. పక్కన కూర్చున్న ముసలవ్వ నవ్వుతోంది. “ఏం ఖరాబు నీళ్లు తాగుతున్నవ్ బిడ్డా. పారబోసి, ఇసుకతోని తోమి, బోరుకాడ నింపుకొచ్చిన. తాగు.”

కండక్టర్ మీద అంతసేపు అరిచినవాణ్ణి, ఆమె చేతిలోంచి సీసా అందుకున్నాను. నర్సన్న వచ్చి సంగతి చూసి, “తాగు తమ్మీ, అవ్వ మనసు కష్టపెట్టకు” అన్నాడు. తాగాను. చల్లగానే ఉన్నాయి. వెనక్కి పోయి మళ్లీ నీళ్లు తెచ్చే సమయం లేదు. సుజాతక్కకు మొహం చూపించి క్షమాపణ చెప్పొద్దామని వనపర్తి బస్సెక్కాం. ఎక్కిన కాసేపటికి ముందు సీట్లో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సీసాలో ఉన్నది బోరు నీళ్లు. మరి ఈ వాసన?

“నర్సన్నా, నీ సంచిల ఏముంది?”

“చేంతాడు. కవర్ల చుట్టి పెట్టిన. కొత్తది, గనికాడ ఇడిసొస్తనా?”

“మరి కండక్టర్ నాతోని కొట్లాడుతుంటే చెప్పవేంది?”

“నువ్వు చెప్పనిస్తివా?”

ల్యాబులో సుజాతక్క ముక్కు మూసుకుని, చేంతాడు కొసను గాజుపలక మీద పిండింది. మొదట నాకేమీ కనిపించలేదు, నా కనురెప్పలే అడ్డమొచ్చాయి. అక్క చక్రం కొంచెం తిప్పింది. కనిపించాయి. చిన్న చిన్న ఎర్రటి కడ్డీలు, వాటి లోపల మెరిసే చుక్కలు. కొన్ని కదులుతున్నాయి, ఒకటి అడ్డంగా ఈదుకుంటూ పోయింది. ఆ చుక్కలు గంధకమట. వాయువును వాడుకుని లోపల దాచుకుంటాయట. పుస్తకం అబద్ధం చెప్పలేదు.

నర్సన్న చాలాసేపు కన్ను తీయలేదు. “గివి మనుషులను ఏమన్న చేస్తయా అమ్మా?”

“మీ జోలికి రావు. కానీ ఆ నీళ్లు మంచియి కావు, బర్రెకు తాపొద్దు. ఆకులు, పేడ కుళ్లినకాడ ఇవి పెరుగుతయి” అంది అక్క.

“అంటే చంద్రమ్మ బర్రె పేడతోని కొంత ఉన్నట్టే కద?”

నేను లేవబోయాను. అక్క నన్ను చేత్తోనే ఆపి, “కొంత ఉంటది. ఆ గనిల ఇంకెవరు ఏం పారబోస్తరు?” అని అడిగింది.

నర్సన్న మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. అలా వంగే ఉండి అన్నాడు: “మా హోటల్ ఇస్తరాకులు, చాయపత్త.”

పొద్దు వాలే వేళకు మానవపాడు చేరాం. నర్సన్న హోటల్‌కు పోకుండా నేరుగా చంద్రమ్మ ఇంటికి నడిచాడు. “నెత్తురు కాదు వదినె. పురుగులు. కండ్లారా చూసిన. బర్రెను మా బావికాడికి తోలుకరా, నీళ్లు ఆడ తాపు. రేపటి సంది పాలు పొయ్యి” అన్నాడు.

ఆమె బర్రె మెడ తాడు సవరిస్తూనే ఉంది. “పోస్త. నీ హోటల్ల అందరు కూసున్నప్పుడు తెస్త. ఫస్టు గిలాస నువ్వు తాగు, అందరు చూడాలె. మరి నీ ఇస్తరాకులు ఏడ పారేస్తవు?”

“గుంత తవ్విస్త.”

“తవ్వినంక పిలువు” అంది.

మూడోరోజు పిలిచాడు. నేను కూడా వెళ్లాను. చంద్రమ్మ పోసిన పాల గ్లాసు ఎత్తి నర్సన్న తాగుతుంటే హోటల్లో అందరూ చూశారు. తర్వాత మూలనున్న ఒకాయన, “నాకో చాయ” అన్నాడు.

ఆ కడ్డీలు ఇప్పటికీ కళ్లముందు ఈదుతుంటాయి. ఎక్కడో సముద్రపు లోతుల్లో ఉండే బతుకులాంటిదే మా దగ్గర ఇస్తరాకుల కుళ్లులో ఉంది. చూడటానికి నేను అరిచిన అరుపులేవీ పనికిరాలేదు, నర్సన్న వదలని చేంతాడు పనికొచ్చింది. దీని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. మీరూ ఇలాంటి నీళ్లు తీసుకెళ్లాలనుకుంటే, గనిలోకి ఒంటరిగా దిగకండి, ఒడ్డు నుంచే తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, తాగేనీళ్ల సీసా వాడకండి. ఊళ్లో డాక్టరు దగ్గర ఖాళీ సెలైన్ సీసా అడగండి. రబ్బరు మూత గాలి పోనివ్వదు, ఏ అవ్వా తోమి నింపదు.