విడిగా వేసిన కుర్చీ

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది నేను కొవ్వూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకి మేనేజర్ని. ఆరుగురం పనిచేసేవాళ్లం. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి అంతకు రెండేళ్ల కిందట వాళ్లమ్మ కిడ్నీ ఇచ్చింది. ఆ కిడ్నీ నిలవడానికి వాడే మాత్రల వల్ల రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందని, జలుబు, జ్వరం ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వద్దని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పారు. సెలవు పెట్టమంటే ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుంటే మళ్లీ రోగినైపోయినట్టు ఉంటుందంది.

స్టోరు రూములో శాంపిల్ సంచులు ఓ పక్కకి జరిపించి, కిటికీ దగ్గర ఆమెకు బల్ల, కుర్చీ వేయించాను. కాగితాలు గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్లాలి, లోపలికి ఎవరూ పోకూడదు అన్నాను. నా నోరంటే ఆఫీసులో అందరికీ భయమే. అయినా ఆ భయం రెండు రోజులే పనిచేసింది.

మావైపు మనిషి ఒంటరిగా కూర్చుంటే చూసి ఊరుకోలేరు. అటెండరు వేడివేడి ఇడ్లీ పట్టుకెళ్లేవాడు. అకౌంటెంటు తన కుర్చీ లాక్కెళ్లి మరీ కబుర్లు చెప్పేవాడు. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, నిన్నేంటి లోపల పడేశారు? మేడంగారితో ఏవన్నా మాటొచ్చిందా?" అని అడిగి, జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి పోయాడు.

"ఇక్కడెవరైనా పురుడు పోసుకున్నారా, వరసపెట్టి చూడ్డానికెళ్తున్నారు?" అని కసిరేదాన్ని. మూతులు ముడుచుకుని బయటికొచ్చేవారు, మర్నాడు మళ్లీ వెళ్లేవారు. వాళ్లది ప్రేమేనని తెలుసు. ప్రేమతో వచ్చేవాళ్లను రోజూ తరమడమంత విసుగు పని ఇంకొకటి లేదు. సాయంత్రానికి గొంతు నొప్పెట్టేది, ఒళ్లు హూనమయ్యేది.

అందరూ వెళ్లిపోయాక నేను ఆ గదిలో ఓ పది నిమిషాలు కూర్చునేదాన్ని. "రోజంతా గోడలు చూస్తా కూర్చోడం కష్టంగా ఉందండి," అంది ఒకసారి. అప్పట్నుంచి అలవాటైంది. గురివిందగింజ సామెత నాకోసమే పుట్టి ఉంటుంది. రూలు పెట్టినదాన్ని నేనే కాబట్టి అది నాకు వర్తించదనుకున్నాను.

విత్తనాలకి పట్టించే మందు ఘాటుకి మా ఆఫీసులో ఏడాది పొడుగునా అందరం దగ్గుతూనే ఉంటాం. అందుకే ఒకరోజు నాకు గొంతు గరగరలాడితే లెక్కచెయ్యలేదు.

"గొంతు బొంగురుపోయిందండి మీకు," అందా అమ్మాయి.

"మందు ఘాటమ్మా, మామూలేగా," అని ఆమె పక్కనే వంగి కంప్యూటర్‌లో స్టాకు చూశాను.

మర్నాడు నాకు జ్వరం. నేను రాకపోతే ఆ గుమ్మం దగ్గర కాపలా ఎవరు కాస్తారని, మాత్ర వేసుకుని ఆఫీసుకొచ్చాను. ఆ సాయంత్రం కూడా లోపలికి వెళ్లాను. నాలుగో రోజున ఆ అమ్మాయి రాలేదు.

బ్రిడ్జి దాటి రాజమండ్రి ఆస్పత్రికి ఎన్నిసార్లు తిరిగానో. స్వైన్ ఫ్లూయేనని తేలింది. ప్రాణం దక్కింది, కిడ్నీ దక్కలేదు. మళ్లీ డయాలసిస్ మొదలుపెట్టారు.

డయాలసిస్ మొదలుపెట్టిన రోజు వెళ్తే మంచం పక్కన వాళ్లమ్మ ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "అందరూ ఆ గదిలోకి దూరిపోయేవారంట కదండీ. మీరొక్కరే కసిరి పంపేవారంట. మా అమ్మాయి చెప్పిందండి," అంది.

మంచం మీద అమ్మాయి నావైపు చూసింది. నేనూ వెళ్లేదాన్నమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. తన ఒంట్లోంచి తీసి ఇచ్చినదాన్ని పోగొట్టిన నాకు ఆ తల్లి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.