నీళ్లు పడని బాయి

పంతొమ్మిది వందల అరవైల తొలి ఏళ్లలో, మహబూబ్‌నగర్ నుంచి కొత్తకోట పోయే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. తన చెలకలో, అంటే మెట్టచేనులో, బాయి తవ్వించాలట. జాగా చూపించడానికి ఎవరిని పిలవాలని నన్ను అడిగింది.

నేను ఊరుకుంటానా! మా ఊరికి వచ్చిన నీళ్లు చూసేటాయన గొప్పంతా బస్సంతా వినేలా చెప్పాను. ఆయన అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కొబ్బరికాయ మా చేనులో నిట్టనిలువుగా లేచింది. అక్కడే తవ్వితే ఊట పొంగింది. కళ్లారా చూశాను, ఇంకేం సాక్ష్యం కావాలి?

అవ్వ ఇష్టంగా విన్నది. "మంచిగ చెప్పినవు బిడ్డా. మరి ఆయన చూపిన జాగల నీళ్లు పడని బాయి ఏడున్నది?"

"అదెందుకవ్వా? పడ్డది నేను చూసిన గద!"

"పడ్డోళ్లు అడగకున్నా చెప్తరు. పడనోళ్లను మనమే పోయి అడగాలె. నాకు ఒక్క బాయి తవ్వే తాకతే ఉన్నది బిడ్డా."

ముందు సీట్లో అంతసేపూ మాట్లాడని మనిషి వెనక్కి తిరిగాడు.

"మా చెలకల ఉన్నదవ్వా. ఆయన చూపిందే."

అతను దిగిన చోటే అవ్వా దిగింది. "ఆయన మంచోడే కావచ్చు. చూసొస్త," అని నాకు చెప్పి మరీ పోయింది.

ఆమె ఎవరిని పిలిచిందో, నీళ్లు పడ్డాయో లేదో నాకు తెలియదు. మొన్న బస్సులో మా మనవడు ఒక డాక్టరు హస్తవాసి గురించి తెగ పొగుడుతుంటే, ఆయన దగ్గర నయం కానివాళ్లు ఎవరున్నారని అడిగాను.

వాడు నావైపు వింతగా చూశాడు. నేను ముందు సీటు వైపు చూశాను.