తిప్ప మీద ఆమెన్

విశ్రాంతి కోసం ఇప్పుడు జనం విమానాలెక్కి దీవులకు వెళుతున్నారట. మా మనవరాలు ఈమధ్య అలాంటి దీవి ఫోటోలు చూపించింది. కొబ్బరిచెట్లు, ఇసుక, చుట్టూ నీళ్ళు, రెండు చెట్లకు కట్టిన గుడ్డ ఉయ్యాల, అందులో ఏ పనీ లేకుండా పడుకున్న ఒక మనిషి. చెట్లూ ఇసుకా నీళ్ళూ నాకు పుట్టినప్పట్నించీ తెలిసినవే గాని, ఆ ఉయ్యాలలో మనిషిని మాత్రం మా వైపు ఎన్నడూ చూడలేదు. మా కాలంలో గోదావరి పాయ మధ్య లంకలో పుట్టినవాడికి విశ్రాంతి కావాలంటే పడవెక్కి అవతలి గట్టుకి పారిపోవడం ఒక్కటే దారి. నేను పారిపోలేకపోయిన ఒక వేసవి గురించి చెబుతాను. ఆ అలసట ఇంకా పూర్తిగా తీరలేదు.

మా లంక వైనతేయ పాయలో, ఓడలరేవుకి కాస్త ఎగువన ఉండేది. పొడవు అయిదు మైళ్ళని అందరికీ చెబుతుంటాను. (అంత లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి బయల్దేరితే ఉడికేలోపు చుట్టి రావచ్చు.) డెబ్బైల చివర్లో ఒక మే నెలలో మా నాయనమ్మ, కన్నబిడ్డలందరూ పిల్లాపాపలతో వచ్చి అయిదు రోజులు తన దగ్గర ఉండాలని హుకుం జారీ చేసింది. ఉత్తరాలు రాసే పని నాకు పడింది. ఎందుకంటే నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి పోస్టింగు కోసం చూస్తున్నాను, అంటే ఇంట్లో అందరి దృష్టిలో ఖాళీగా ఉన్నాను. ఆ ఉత్తరాల్లో మా లంకని నేను స్వర్గం చేశాను. చల్లగాలి, కొబ్బరి బొండాలు, పడవ షికార్లు, పట్టినన్ని చేపలు, ఇంకా ఏవేవో రాశాను. చదివినవాళ్ళంతా నమ్మి వచ్చేశారు. నలభై మంది దిగారని నేను చెప్పే లెక్క. నిజానికి మాతో కలిపి ఇరవై ముగ్గురం, అందులో ఇద్దరు చంటిపిల్లలు. కానీ మోసినవాడికి నలభై మందే.

నాయనమ్మ ఇంతమందినీ పిలిచింది ఒకే ఒక్క పని కోసం. ఆవిడ పెద్దకొడుకూ చిన్నకొడుకూ, అంటే మా పెదనాన్నా చిన్నాన్నా, ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. పెదనాన్న రాయవరం వైపు ఒక హైస్కూల్లో హెడ్మాస్టరు. చిన్నాన్న మస్కట్‌లో ఫోర్‌మన్. మధ్యవాడైన మా నాన్న లంకలో కొబ్బరీ కూరగాయలూ చూసుకుంటూ, ఎవరి పక్షమూ చేరకుండా బతికేవాడు. గొడవ ఆస్తి గురించీ కాదు, మాట పట్టింపు గురించీ కాదు. కేవలం ఒక ఆమెన్ గురించి.

మా పెదనాన్న చేసే భోజన ప్రార్థన ఊరూరా ఆగే ఆర్డినరీ బస్సు లాంటిది. రాయవరంలో బయల్దేరి, బంధువులున్న ప్రతి ఊళ్ళోనూ ఆగి, అక్కడి పెద్దలనీ పిల్లలనీ జబ్బుపడ్డవాళ్ళనీ పరీక్షలు రాస్తున్నవాళ్ళనీ పేరుపేరునా దీవించి, కొత్తపేట మీదుగా అమలాపురం చేరి, అక్కణ్ణించి సముద్రం దాకా వెళ్ళేది. మా అక్క పెళ్ళి భోజనాల్లో మూడు వందల మంది (సరే, నూట యాభై) వేడివేడి పులావు ముందు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ఆయన కొత్తపేటలో ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. చిన్నాన్న గట్టిగా “ఆమెన్” అనేశాడు. పందిరంతా ఆమెన్ అని విస్తళ్ళ మీద పడింది. పెదనాన్న మాత్రం కళ్ళు తెరవకుండా, సగంలో తెగిన ప్రార్థనతో, అలాగే నిలబడిపోయారు. ఆ పూట తినలేదు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడనూ లేదు. చిన్నాన్న మస్కట్ నుంచి రాసిన ఉత్తరాలకి జవాబు వచ్చేది గాని, అది మా పెద్దమ్మ చేతిరాతలో వచ్చేది.

“ఒక్క మాటరా నాన్నా,” అంది నాయనమ్మ, చుట్టాలు దిగే ముందురోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. “వాళ్ళిద్దరూ నా కళ్ళముందు ఒక్క మాట ఆడుకుంటే చాలు. చిన్నోడు ఈసారెళ్తే మళ్ళీ రెండేళ్ళకి గాని రాడు. అప్పటికి నేనుంటానో లేదో. నువ్వు చదువుకున్నోడివి, నీకే వదిలేస్తున్నాను.”

నేను అభయం ఇచ్చేశాను. ట్రైనింగులో మనస్తత్వశాస్త్రం ఒక పేపరుంది, అందులో పాసయ్యాను. (రెండోసారి.)

మొదటి పూటే తెలిసింది నేను ఎందులో దిగానో. పెదనాన్న ప్రార్థన చేసే బంతిలో చిన్నాన్న కూర్చోడు. చిన్నాన్న ఉన్న బంతికి పెదనాన్న రారు. కాబట్టి ప్రతి పూటా రెండు బంతులు, రెండు వడ్డనలు, అరిటాకులు కోయడం రెండుసార్లు. పొద్దున్నే చీకటితో లేచి పడవేసుకుని అవతలి గట్టుకి వెళ్ళి, మస్కట్ పిల్లలు చల్లనివి తప్ప తాగరు గనుక ఊకలో చుట్టిన ఐసుగడ్డ తెచ్చేవాణ్ణి. ఇంటికి చేరేసరికి గడ్డలో సగం గోదావరిలో కలిసిపోయేది. పెదనాన్నకి పేపరు మర్చిపోయానని మళ్ళీ వెళ్ళేవాణ్ణి. తాగేనీళ్ళ బిందెలు, దీపాల్లోకి కిరసనాయిలు, చంటిపిల్లలకి గ్రైపువాటరు, అన్నిటికీ నేనే. రోజుకి వంద బొండాలు దించానని చెబుతుంటాను. ఎక్కింది నేను కాదు, కింద నిలబడి పట్టుకున్నాను. పట్టుకున్నవి కూడా కొన్నే, తక్కినవి వాటంతటవే పడ్డాయి.

రాజీ ప్రయత్నాలు సరేసరి. చిన్నాన్న మీ ఆరోగ్యం గురించి అడిగాడని పెదనాన్నతో అబద్ధం చెబితే, అడగాలనుకుంటే తననే అడగమన్నారు. పెదనాన్న మీ ఉద్యోగం గురించి కనుక్కున్నారని చిన్నాన్నతో అంటే, కనుక్కునేవాడికి నోరు లేదా అన్నాడు. చావిట్లో ఇద్దరూ రెండు బారల దూరంలో కూర్చునేవారు. “ఒరే, మీ చిన్నాన్నకి చెప్పు, ఆ రేడియో కాస్త తగ్గించమని,” అనేవారు పెదనాన్న. “మీ పెదనాన్నగారికి చెప్పరా, తగ్గించే ఉందని,” అనేవాడు చిన్నాన్న. నేను మధ్యలో నిలబడి ఈ చెవి మాట ఆ చెవికి అందించేవాణ్ణి. నాలుగో రోజుకి నాకు కూర్చుంటే నిద్ర, నిలబడితే నిద్ర. నాయనమ్మ సాయంత్రం ఒకసారి నా ముఖంలోకి చూసి, ఆవిడే మంచం దులిపి పక్క వేసేది. ఆ చూపు నాకు ఐసుగడ్డ కంటే బరువనిపించేది.

ఆఖరి రోజు పొద్దున్న నది సముద్రంలో కలిసే మొగ దాకా షికారు. మర్నాడు చిన్నాన్న రాజమండ్రి వెళ్ళి బొంబాయి రైలెక్కాలి. పెద్ద నాటు పడవలో అందరం ఎక్కాం. వెళ్ళిరావడానికి మూడు గంటలు, మధ్యాహ్నం భోజనం ఇంటి దగ్గరే అనుకున్నాం. అయినా నాయనమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు రెండు గంపలు, కొబ్బరి పచ్చడి ఒక జాడీ, కోడికూర ఒక డేగిసా, నీళ్ళ బిందెలు మూడు ఎక్కించింది. మూడు గంటలకి ఇదంతా ఎందుకే అని నాన్న విసుక్కుంటే, నీళ్ళ మీద ప్రయాణం, ఏం చెప్పగలం అంది.

మొగ దగ్గర నది మధ్యన ఒక ఇసుక తిప్ప ఉంది. పిల్లలు దిగుతామని గోల పెడితే అక్కడ ఆపాం. పడవ నడిపే ముసలాయన్ని అందరం పడవ తాత అనేవాళ్ళం. నాయనమ్మ ఆయన్ని వెనక కట్టిన చిన్న దోనెలో ఓడలరేవు వాళ్ళ దగ్గర రొయ్యలు తెమ్మని పంపించి, పడవ కనిపెట్టుకునే పని నాకప్పగించింది. తాత వెళ్ళేముందు నీళ్ళలో ఒక గెడ పాతి, దానికి నీటిమట్టానికి కాస్త కిందగా తన తలగుడ్డ చింపి కట్టాడు.

“సూడండి అబ్బాయిగారూ, ఇప్పుడు ఆటు మీద ఉందండి, నీరు తీత్తంది. ఈ గుడ్డ నీటిపైకి తేలిందంటే పడవని లోతుకి తోసెయ్యాలండి. ఆలీసం సేసేరంటే ఇసకలో కూకుండిపోద్దండి. మళ్ళీ పోటొచ్చేదాకా ఎవళ్ళూ కదపలేరండి.”

“ఆయ్, నాకు తెలీదేంటి తాతా,” అన్నాను. లంకలో పుట్టినవాణ్ణి, పోటూ ఆటూ నాకొకరు చెప్పాలా?

పడవ నీడలో చేరబడి గెడ వంక చూస్తూ కూర్చున్నాను. గుడ్డ నీళ్ళలో ఊగుతోంది. సముద్రపు గాలి. ఎక్కడో పిల్లల కేరింతలు. నాలుగు రోజుల్లో మొదటిసారి నన్ను ఎవరూ ఏమీ తెమ్మని అడగడం లేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఈ నలభై ఏళ్ళలో పెళ్ళిళ్ళలో, పోస్టింగొచ్చాక స్టాఫ్ రూముల్లో, మా ఆవిడకి మొదటి రోజుల్లో, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అన్నదమ్ములని కలపడానికి అదొక్కటే మార్గమని గ్రహించి, గుడ్డ పైకి తేలడం కళ్ళారా చూస్తూ కూడా, గుండె రాయి చేసుకుని పడవని కదపలేదని చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. ఇప్పుడు వయసైంది, ఒప్పుకుంటాను. నేను నిద్రపోయాను. అది కూడా మామూలు నిద్ర కాదు.

మెలకువ వచ్చేసరికి నా ముఖం మీద ఎవరిదో తువ్వాలు కప్పి ఉంది. తీసి చూస్తే గెడ పూర్తిగా ఆరిన ఇసుకలో నిలబడి ఉంది, గుడ్డ గాలికి రెపరెపలాడుతోంది. పడవ ఒక పక్కకి ఒరిగి, పొట్టదాకా ఇసుకలో దిగబడింది. చుట్టూ ఇరవై ఇద్దరు నిలబడి నన్నే చూస్తున్నారు. తాత రొయ్యలతో తిరిగొచ్చి, అంతా ఒకసారి చూసి, దోనె అంచు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. ఏం చేద్దాం తాతా అని నాన్న అడిగితే, సేసేదేముందండి, పోటు రావాలండి అన్నాడు. దోనెలో ఇద్దరేసి చొప్పున గట్టు దాటిద్దామని నాన్న అంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. వెళ్తే అందరం కలిసే వెళ్తాం అంది.

మే నెల ఎండ. ఇసుక పెనంలా కాలుతోంది. తెరచాప విప్పి గెడల మీద కట్టాం. అది ఒకటే నీడ. రెండో బంతికి అక్కడ చోటు లేదు. ఆరేళ్ళలో మొదటిసారి పెదనాన్నా చిన్నాన్నా ఒకే గుడ్డ కింద, మధ్యలో ఒక్క పొట్టిక్కల గంప దూరంలో, చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. ఒంటి గంటయింది. పోటుకి ఇంకా రెండున్నర గంటలుందన్నాడు తాత. పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు. నాయనమ్మ కోడికూర డేగిసా మూత తీసి, ఆ వాసన అందరికీ తగిలేదాకా ఆగి, “పెద్దోడా, ప్రార్థన చెయ్యరా,” అంది.

రెండున్నర గంటలు. ఆపేవాడు లేడు. రాయవరంలో బయల్దేరిన బస్సు ఈసారి మస్కట్ దాకా పోవచ్చు. చిన్నాన్న వంక చూశాను. ఆయన పెదవులు బిగించి, చేత్తో నోరు కూడా మూసుకున్నాడు. అందరం కళ్ళు మూసుకున్నాం.

“ప్రభువా, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. ఆమెన్,” అన్నారు పెదనాన్న.

ఎవరూ కదల్లేదు. ఎవరూ కళ్ళు తెరవలేదు. గాలికి తెరచాప టపటపా కొట్టుకుంటోంది. చాలాసేపటికి చిన్నాన్న గొంతు, నెమ్మదిగా, భయం భయంగా వినిపించింది.

“అన్నయ్యా, అయిపోయిందా, ఊపిరి తీసుకుంటున్నావా?”

“అయిపోయిందిరా. ఆకలేస్తోంది.”

“మరి కొత్తపేట వాళ్ళో?”

పెదనాన్న ఒక పొట్టిక్క ఆకు ఒలిచి, తమ్ముడి చేతిలో పెట్టారు. “తిన్నాక చూద్దాంలే,” అన్నారు.

కళ్ళు తెరిచి చూస్తే నాయనమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుని సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. తిన్నాక అన్నదమ్ములిద్దరూ కొత్తపేట సంగతి మర్చిపోయి, నా సంగతి పట్టుకున్నారు. ఇలాంటివాడికి పిల్లల్ని అప్పగిస్తే ఏమవుతారో అని పెదనాన్న, నిజమే అన్నయ్యా అని చిన్నాన్న, పోటొచ్చి పడవ తేలేదాకా వంతులవారీగా చీవాట్లు పెట్టారు. ఆరేళ్ళ బాకీ మాటలన్నీ నా మీదుగానే తీర్చుకున్నారు. మర్నాడు చిన్నాన్న రేవులో పడవెక్కుతుంటే ఆయన పెట్టె మోసింది నేను కాదు, పెదనాన్న. ఆ అయిదు రోజుల్లో నేను మోయని బరువు అదొక్కటే.

పడవ కనుమరుగయ్యాక నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, చూశావా నా ఎత్తు ఎలా పారిందో అన్నాను. కథ పెంచడం ఆ రోజే మొదలుపెట్టానన్నమాట.

“ఆ గురక కూడా ఎత్తులోదేనట్రా?” అంది నాయనమ్మ.

అప్పటికి గాని నాకు తట్టలేదు, ఆవిడ కూడా లంకలోనే పుట్టిందని, నీళ్ళ వంక చూడకుండానే ఆటెంత తీసిందో చెప్పగలదని. నా ముఖం మీది తువ్వాలు ఆవిడదే.

“గుడ్డ తేలడం చూశావు కదా, మరి నన్ను లేపలేదేం నాయనమ్మా?”

“బాగా అలిసిపోయి పడుకున్నావని,” అంది. రొయ్యలెందుకో, రెండు గంపల పొట్టిక్కలెందుకో నేను అడగలేదు.

పెద్దలంతా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక ఇప్పుడు మా ఇంట్లో భోజన ప్రార్థన నా వంతు. చిన్నప్పుడు ఎంత నవ్వుకున్నా, ఈ వయసులో తెలిసింది, తలుచుకోవలసిన పేర్లు పెరిగిపోతే బస్సు ఎక్కడా త్వరగా కదలదు. మొన్న ఆదివారం నా ప్రార్థన ఇంకా అమలాపురం చేరకముందే చిన్న మనవడు ఆమెన్ అనేశాడు. గిన్నెల చప్పుడు మొదలైంది. నాకు ఒళ్ళు మండింది. పెదనాన్నలాగే కళ్ళు తెరవకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. ఈ వయసులో అలా ఎక్కువసేపు కళ్ళు మూసుకోవడం మంచిది కాదు. మళ్ళీ తెరిచేసరికి గదిలో ఎవరూ లేరు. నా మీద ఎండ పడకుండా కిటికీ తలుపు ఎవరో దగ్గరికి వేశారు. నా కంచం మీద ఇంకో కంచం బోర్లించి ఉంది.

కాసేపు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మిగిలిన ఊళ్ళ సంగతి తిన్నాక చూద్దామని, పై కంచం తీశాను.